గజం కోటగోడ

మా గురజాల చుట్టుపక్కల పొలాల్లో గునపం వేస్తే జానెడు లోతులో ఖంగుమంటుంది. మట్టి పైపై దుప్పటి, అడుగంతా రాయే. శ్రీనాథుడు పల్నాటిని ఎకసెక్కం చేశాడని చాటువులు చెప్పుకుంటారు కదా, జొన్నకూడు సంగతి ఎలా ఉన్నా రాళ్ళ విషయంలో ఆయన అబద్ధమాడలేదు. అదే శ్రీనాథుడు కొండవీటి రెడ్డిరాజు పెదకోమటి వేముడి కొలువులో విద్యాధికారి, మన పలనాటి వీరచరిత్ర రాసినవాడు. ఆ కొండవీటి కోట ఇప్పుడు మా పల్నాడు జిల్లాలోనే ఉంది. ఏ కోట కథ ఎత్తుకున్నా ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అని మొదలవుతుంది. నేను గోడ నుంచి మొదలుపెడుతున్నాను. అలాంటి కోటగోడ ఒక్క గజం లేవాలంటే ఏం కావాలి? మూడడుగుల పొడవు, ఆరడుగుల మందం, ఇరవై అడుగుల ఎత్తు అనుకుందాం. అంటే 360 ఘనపుటడుగులు. సున్నానికి రాయి మా ఊరిది, గోడ కొండవీటి తరహాది.

మొదటి పని రాయిని ఎంచడం. పల్నాట సున్నపురాయి పొరలు పొరలుగా ఉంటుంది. పలకగా లేచేది నాపరాయి. మాచర్ల బండలని ఊళ్ళకి పోయేది అదే, మా ఇళ్ళలో నేలా, అరుగూ, పశువుల కొట్టం గోడా అదే. ఇక్ష్వాకుల కాలపు నాగార్జునకొండ శిల్పులు ఉలి పెట్టిందీ పల్నాటి సున్నపురాయి మీదే. పేరు ఒకటే అయినా బట్టీకి అన్ని రాళ్ళూ పనికిరావు. బంకమన్ను ఎక్కువ కలిసిన పొర కాలితే బూడిదరంగు తిరుగుతుంది, ఇసుక కలిసింది నీళ్ళలో సరిగా విరగదు. బట్టీవాళ్ళు రాయిని పగలగొట్టి లోపలి ముఖం చూస్తారు. నునుపుగా, సన్నటి రేణువుతో, గోరు గీస్తే గీత పడకపోయినా మేకు గీస్తే తెల్లగా పడే రాయి మంచిది. నమ్మకం చాలకపోతే రాతిపొడి మీద నిమ్మచెక్క పిండుతారు. బుసబుసమని నురగ వస్తే అది సున్నం ఇచ్చే రాయి.

మన గజం గోడకి ఇలాంటి రాయి సుమారు 800 కిలోలు కావాలి. గనిలో పొరల మధ్య సందు చూసి గునపం దూర్చి లేపుతారు, సమ్మెటతో ముక్కలు చేస్తారు. ముక్క కొబ్బరికాయంత ఉండాలి. అంతకంటే పెద్దదైతే పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. మరీ చిన్నదైతే ముక్కల మధ్య సందులు మూసుకుపోయి బట్టీకి గాలి ఆడదు. రోజంతా ఈ పని చేసే ఆడవాళ్ళు రాయి వైపు చూడకుండా మాట్లాడుకుంటూ కొడతారు. ముక్కలు మాత్రం అచ్చుపోసినట్టు ఒకే సైజులో రాలుతుంటాయి. నేనూ ఒకసారి సుత్తి పట్టాను. అరగంటలో పది ముక్కలు కొట్టాను, అందులో సరైనవి రెండు.

తరవాత బట్టీ నింపడం. గురజాల నుంచి పిడుగురాళ్ళ వైపు వెళితే సున్నపు బట్టీలు వరసగా కనిపిస్తాయి. చెట్లూ, కరెంటు తీగలూ, కుక్కలూ అన్నీ తెల్లగానే ఉంటాయి అక్కడ. బట్టీ నిలువుగా ఉండే పెద్ద గొట్టం, లోపల అగ్గిని ఓర్చే ఇటుక. పైనుంచి ఒక పొర రాయి, ఒక పొర బొగ్గు, మళ్ళీ రాయి, మళ్ళీ బొగ్గు వేస్తారు. అడుగున కాలిన రాయి తీస్తుంటే పైనుంచి పచ్చి రాయి దిగుతుంటుంది. రెడ్డిరాజుల కాలంలో రాతిబొగ్గు లేదు, కట్టెలే. అప్పటి బట్టీ ఒకసారి నింపి, కాల్చి, చల్లార్చి, ఖాళీ చేసే రకం. టన్ను సున్నం తయారవడానికి శాస్త్రం లెక్కన 3.2 గిగాజౌళ్ళ వేడి చాలు, అంటే మంచి బొగ్గు 130 కిలోల లోపు. ఏ బట్టీ ఆ లెక్క దగ్గర ఆగదు. కట్టెల బట్టీ అయితే గోడల్లోంచీ పొగలోంచీ పోయే వేడి పోగా మూడు నాలుగు రెట్లు తింటుంది. మన గజం గోడకి కావలసింది 400 కిలోల కాలిన సున్నం. దానికి ఎండుకట్టెలు పావు టన్ను మొదలు 350 కిలోల దాకా పడతాయి. గజానికి ఇది. కొండ చుట్టూ తిరిగిన గోడ మొత్తానికి ఎంత అడవి కాలిందో లెక్క వేసుకోవచ్చు.

ఇక కాల్చడం. ఈ కథ మొత్తంలో నాకు బాగా నచ్చేది ఇదే. 900 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర సున్నపురాయి తనలోని బొగ్గుపులుసు గాలిని వదిలేస్తుంది. వంద కిలోల స్వచ్ఛమైన రాయిలోంచి 44 కిలోలు గాలిగా ఎగిరిపోతే మిగిలేది 56 కిలోలు. చిత్రమేమంటే రాయి ఆకారం పెద్దగా మారదు. అదే ముక్క, అదే అంచు, చేతిలోకి తీసుకుంటే మాత్రం బెండులా తేలిక. వేడి చాలకపోతే నడుమ గింజ పచ్చిగా మిగులుతుంది. 1200 డిగ్రీలు దాటి చాలాసేపు ఉంటే రాయి బిగుసుకుపోతుంది, నీళ్ళు పోసినా వెంటనే విరగదు. గోడలో చేరాక నెలలకో ఏళ్ళకో తీరిగ్గా ఉబ్బి పొక్కు లేపుతుంది. ఈ రెంటి మధ్య నిప్పుని పట్టుకోవడమే పనితనం. బట్టీ దగ్గర నాకు తెలిసిన పెద్దాయన ఒకాయనకి ఉష్ణమాపకంతో పని లేదు. కన్నంలోంచి చూసి, ఎండుమిరపకాయ రంగు దాటి బత్తాయి తొన రంగులోకి వచ్చిందా లేదా చెబుతాడు. “ఎంతసేపు ఉంచాలి బాబాయ్?” అంటే, “రాయి ఉడకాలబ్బాయ్, మాడగూడదు. అన్నం ఎంతసేపు ఉడకాలో మీ అమ్మ గడియారం చూసి చెప్పిద్దా?” అన్నాడు. మొత్తం మీద పైనుంచి వేసిన రాయి కిందికి రావడానికి రెండు మూడు రోజులు. రెంటచింతల ఎండలకి పేరుపడ్డ ప్రాంతంలో, మే నెలలో, బట్టీ నోటి దగ్గర నిలబడి చేసే పని ఇది. పైన నిలబడ్డవాడికి వేడి ఒక్కటే ప్రమాదం కాదు. రాయి వదిలే, కంటికి కనపడని గాలి కూడా ఉంది, అందుకే గాలివాలు చూసుకుని నిలబడతారు.

కాలిన రాయిని అడుగునుంచి లాగి ఏరుతారు. ముక్కని ముక్కకి తాకిస్తే బాగా కాలినది కుండపెంకులా మోగుతుంది. బరువుగా తగిలితే పచ్చిది, పక్కన పడేస్తారు. నల్లగా గాజులా మెరిస్తే మాడింది, అదీ పక్కకే. ఏరేవాళ్ళ చేతులకీ కాళ్ళకీ గుడ్డపీలికలు, గుడ్డ లేనిచోట నూనె. చెమట పట్టిన ఒంటి మీద ఈ పొడి పడితే అక్కడే చల్లారడం మొదలుపెట్టి చర్మాన్ని తినేస్తుంది. కంట్లో పడితే చెప్పనక్కర్లేదు.

ఇక కొండెక్కించాలి. ప్రోలయ వేమారెడ్డి అద్దంకి నుంచి ఏలాడు. ఆయన కొడుకు అనవోతారెడ్డి 14వ శతాబ్ది నడుమ రాజధానిని కొండవీటికి మార్చాడు. ఎందుకు మార్చాడో కొండ కింద నిలబడి తలెత్తి చూస్తే తెలుస్తుంది. శత్రువుకి ఎంత కష్టమో మేస్త్రికీ అంతే కష్టం. గాడిద మోత 50 కిలోలు అనుకుంటే 400 కిలోల కాలిన సున్నానికి ఎనిమిది మోతలు. అదే సున్నాన్ని కిందే నీళ్ళు పోసి ముద్ద చేసి పంపితే 1,150 కిలోలు, ఇరవై మూడు మోతలు. కాబట్టి పొడిగా మోయించి పైన తడపడమే తెలివి. ఒకటే భయం, దారిలో వాన. తడిసిన బస్తా గాడిద వీపు మీదే వేడెక్కుతుంది. ఈ పని ఎండాకాలంలో పెట్టుకునేది అందుకే. ఇసుక మాత్రం తప్పించుకోలేరు. మూడు పాళ్ళ ఇసుకకి ఒక పాలు సున్నం అనుకుంటే గజానికి 3.8 టన్నులు, డెబ్భై ఆరు మోతలు. కోటకి అసలు బరువు రాయిది కాదు, ఇసుకది. రాయి కొండమీదే ఉంది.

సున్నం చల్లార్చడం పైన. కొండవీటి కొండమీద ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు అని మూడున్నాయి. తాగేందుకు, గుర్రాలకు, ముట్టడిలో దాహానికి అని చెబుతారు. గోడ కట్టేటప్పుడు కూడా పైన నీళ్ళుండాల్సిందే. గుంట తవ్వి, అడుగున బండలు పరిచి, ముందు నీళ్ళు పోసి తరవాత సున్నపురాయి వేస్తారు. ఈ వరస తప్పకూడదు. రాయి మీద నీళ్ళు పోస్తే ఎగజిమ్ముతుంది. రెండు నిమిషాలు ఏమీ కాదు. తరవాత రాయి బీటలిచ్చి, విచ్చుకుని, బుసకొట్టి, గుంట మొత్తం అంబలిలా కుతకుతలాడుతుంది. కిలో సున్నం చల్లారేటప్పుడు పుట్టే వేడి మూడు లీటర్ల నీళ్ళని మరిగించగలదు. చల్లారడం అంటాం గానీ అగ్గి లేకుండా వంట అది. మన 400 కిలోలకి 750 లీటర్లు ముద్దలోకే పోతాయి, ఆవిరిగా పోయేది వేరే. పొడుగాటి కర్రతో కలియబెడుతూ, గుడ్డలో వడగట్టి, పచ్చి గింజలు తీసేస్తారు.

ముద్ద మీద జానెడు నీళ్ళు నిలిపి వదిలేస్తారు. గాలి తగలకూడదు, ఎండకూడదు. కనీసం రెండు మూడు వారాలు, ఓపికుంటే నెలలు. మూడేళ్ళు నిండని సున్నం వాడకూడదని పాత రోమన్ల నియమమని ప్లినీ రాశాడు. ఎంత నానితే అంత మెత్తన, చివరికి గడ్డపెరుగులా తాపీకి అంటుకుంటుంది. ఇక్కడ వివరంగా చెప్పడానికేమీ లేదు, ఎదురుచూడటమే.

ఇసుక పరీక్ష అరచేతిలో. నాగులేటి ఇసుకైనా కృష్ణ ఇసుకైనా గుప్పిట పట్టి నలిపితే కరకరమనాలి, చెయ్యి తెరిచాక మరక మిగలకూడదు. మరక మిగిలితే మన్నుందని అర్థం, కడగాలి. నీళ్ళు తగిలే చోట, అంటే చెరువు గట్టుకో గోడ అడుగు వరసలకో, ఇసుకలో కొంత భాగం తీసి బాగా కాలిన ఇటుకపొడి కలుపుతారు. దాన్ని సుర్కీ అంటారు. సున్నం గాలితో గట్టిపడుతుంది, సుర్కీ కలిసిన సున్నం నీళ్ళలోనూ గట్టిపడుతుంది.

అప్పుడు గానుగ. నూనె గానుగ కాదు, సున్నపు గానుగ. గుండ్రటి రాతి తొట్టి, నడుమ నిలువు దూలం, దానికి కట్టిన రాతి చక్రం, చక్రాన్ని లాగే ఎద్దుల జత. సున్నం, ఇసుక, సుర్కీ తొట్టిలో పోసి గంటల తరబడి తిప్పుతారు. ఇలా నలిగినదే డంగుసున్నం. నీళ్ళకి బదులు కరక్కాయ నీళ్ళు పోస్తారు. కరక్కాయలు చితకకొట్టి మూడు నాలుగు రోజులు నానబెట్టిన కషాయం అది, అందులో బెల్లం కరిగిస్తారు. బెల్లం సున్నాన్ని నీళ్ళలో ఎక్కువ కరిగేలా చేస్తుంది, త్వరగా బిగుసుకోకుండా పట్టి ఉంచుతుంది. కోడిగుడ్డు సొన పోశారని ప్రతి కోట దగ్గరా ఎవరో ఒకరు చెబుతారు. నున్నగా మెరిసే గచ్చుకి పోశారంటే సరే. ఆరడుగుల మందం గోడకి గుడ్లు పోయడానికి ఏ రాజు దగ్గరా అన్ని కోళ్ళుండవు, పల్నాటి కోళ్ళకి పందేలతోనే సరిపోయె. కలయిక కుదిరిందా లేదా చూడటానికి తాపీ నిండా తీసి బోర్లిస్తారు. జారిపడకపోతే పని మొదలు.

ఈలోగా కొండమీద వడ్డెరల పని నడుస్తూనే ఉంటుంది. గట్టి కొండరాయి ఇది, సున్నపురాయిలా పలకగా లేవదు. బండ మీద కట్టెలు పేర్చి మంట పెడితే వేడికి పైపొర బోలుగా లేస్తుంది. కొట్టి చూస్తే చప్పుడు మారిపోతుంది. ఆ చప్పుడు మారిన చోటే గీత గీసి, వరసగా చిన్న గుంటలు తొలిచి, ఇనప సీలలు దిగేస్తారు. ఒక్కో సీలకి ఒక్కో దెబ్బ, ఈ చివర నుంచి ఆ చివరకి, మళ్ళీ మొదటికి. ఒకే సీల మీద పదిసార్లు కొట్టినవాడి రాయి అడ్డదిడ్డంగా పగులుతుంది. మన గోడలో నాలుగింట మూడొంతులు రాయే, సుమారు 20 టన్నులు. అన్నిటినీ చెక్కరు. బయటికి కనిపించే ముఖమూ, రాయికి రాయి ఆనే అంచులూ ఉలితో సరిచేస్తారు, లోపలికి పోయే తోకని వంకరగానే వదిలేస్తారు. ఆ వంకరే సున్నాన్ని పట్టుకుంటుంది.

పునాదికి పెద్దగా తవ్వేదేమీ ఉండదు, కొండే పునాది. మట్టి గీకి, పాచి కడిగి, వాలుగా ఉన్న బండని మెట్లు మెట్లుగా తొలుస్తారు. వాలు మీదే రాయి పెడితే గోడ మొత్తం ఏదో ఒక వానాకాలం లోయలోకి నడిచిపోతుంది.

ఇప్పుడు గోడ. చూడటానికి ఒక్కటే గానీ అవి మూడు. బయటి ముఖం, లోపలి ముఖం, రెంటి నడుమ గర్భం. ముఖాలకి చెక్కిన రాళ్ళు, గర్భంలో ముక్కరాళ్ళూ, చిప్పలూ, వాటి సందుల్లోకి కారేలా డంగుసున్నం. ముందు రాయిని నీళ్ళలో తడుపుతారు, పొడిరాయి సున్నంలోని తడిని తాగేస్తుంది. సున్నం పరిచి, రాయి దించి, చెక్కసుత్తితో రెండు దెబ్బలు వేసి, తూగుగుండు వదిలి చూస్తారు. గోడ నిటారుగా లేవదు. అడుగు ఎత్తుకి అంగుళం చొప్పున లోపలికి వాలుతుంది, అందుకే తూగుగుండు దారానికీ రాతికీ మధ్య ఎడం ప్రతి వరసకీ పెరగాలి. ఎంత పెరగాలో మేస్త్రి వేళ్ళతో కొలుస్తాడు. నాలుగైదు అడుగులకొకటి పొడుగాటి బంధపురాయి గోడకి అడ్డంగా వేసి రెండు ముఖాలనీ కుడతాడు. ఇది మానేసిన గోడ బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల ముఖాలు రెండూ విడిపోయి కడుపు ఉబ్బుతుంది. పాత గోడల్లో ఉబ్బిన చోట చూడండి, బంధపురాయి కనపడదు. రోజుకి రెండడుగులకి మించి లేపరు. కింది సున్నం పచ్చిగా ఉండగానే పైన బరువు పడితే పిండుకొచ్చేస్తుంది. ఆ లెక్కన ఇరవై అడుగులకి పది రోజులు తక్కువ కాదు. గోడ పొడవునా వరస తిరిగి వచ్చేసరికి మళ్ళీ ఎప్పుడో.

పైన కట్టేది పిట్టగోడ, దాని వెనక కాపలావాళ్ళు నడిచే దారి, నీళ్ళు నిలవకుండా గచ్చు వాలు. ఆ తరవాత తడి గోనెపట్టాలు కప్పి వారం పది రోజులు నీళ్ళు చల్లుతారు. ఎండకి వదిలేస్తే సున్నం ఎండుతుంది గానీ గట్టిపడదు. ఆ తేడా తెలియక పాడైన పనులు చాలా ఉన్నాయి.

అన్ని కోటలూ ఇలాగే కట్టాలని లేదు. ఓరుగల్లులో కాకతీయుల రాతికోట సున్నం లేకుండానే రాయి మీద రాయి కూర్చుని నిలబడింది. రాళ్ళు అంత పెద్దవి, అంత తిన్నగా చెక్కినవి. క్రూసేడుల కాలంలో సిరియాలో హాస్పిటలర్లు అనే క్రైస్తవ యోధులు 1142లో చేపట్టి పెంచిన క్రాక్ దె షెవాలియే కోట మా ఊరి రాయికి దూరపు చుట్టం, సున్నపురాయితో కట్టిందే. 1271లో మమ్లూక్ సుల్తాను బైబర్స్ దాన్ని తీసుకున్నాడు. దాని లోపలి గోడ అడుగు ఎంత వెడల్పుగా వాలుతుందంటే గోడ కొండలోంచి మొలిచినట్టుంటుంది. కొండవీటి వాలుదీ అదే సూత్రం. ఫ్రాన్సులో గెదెలాన్ అనే చోట 1997 నుంచి 13వ శతాబ్ది పద్ధతుల్లోనే, ఉలీ సున్నమూ గుర్రబ్బండీతో, ఒక కోటని కొత్తగా కడుతున్నారు. పాతికేళ్ళు దాటింది. తొందరపడితే ఈ పని కాదనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

గోడ లేచినంత మాత్రాన రాజ్యం నిలవదు. 1424తో కొండవీటి రెడ్ల ఏలుబడి ముగిసింది, తరవాత కొంతకాలానికి గజపతులు వచ్చారు. 1515లో కృష్ణదేవరాయలు కోట పట్టాడు, ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుడు ఇక్కడే చిక్కాడు. 1579లో గోల్కొండ, 1752లో ఫ్రెంచివాళ్ళు, 1788లో ఇంగ్లీషువాళ్ళు. ఇన్ని చేతులు మారినా గోడల్లో సున్నం మాత్రం తన పని తాను చేసుకుంటూ ఉంది. బట్టీలో పోగొట్టుకున్న ఆ 44 కిలోల గాలిని తిరిగి పీల్చుకుంటూ, పైనుంచి లోపలికి, వెంట్రుకవాసి చొప్పున మళ్ళీ సున్నపురాయి అవుతోంది. ఆరడుగుల మందం గోడ నడుమకి ఆ గాలి చేరడానికి వందల ఏళ్ళు పడుతుంది. సన్నటి బీట పడితే వాననీళ్ళలో కరిగిన సున్నం అందులోకి దిగి బీటని పూడుస్తుంది కూడా.

సిమెంటు ఇది చెయ్యదు. అదీ మా రాయే, బంకమన్నుతో కలిపి 1450 డిగ్రీల దగ్గర కాలుస్తారు. కొత్త ఇంటికి మంచిదే. పాత గోడ బీటలో కూరితే మాత్రం తడిని బయటికి పోనివ్వదు, చుట్టూ ఉన్న మెత్తని సున్నం కదిలితే తను కదలదు, చివరికి పక్కరాయినే పగలదీస్తుంది. కొండవీటికి ఇప్పుడు ఘాట్ రోడ్డుంది, సిమెంటు బస్తా ఎక్కించడం గాడిదలతో సున్నం మోయించడమంత కష్టం కాదు. అక్కడే కాదు, మీ ఊరి పాత గుడి, పాత బావి, పాత బురుజు ఏది బాగుచేస్తున్నా, ఎవరైనా బీటలో సిమెంటు కూరుతుంటే ఒక్క నిమిషం ఆపి, సున్నం ఎందుకు వాడరని అడగండి. కాల్చిన సున్నం పిడుగురాళ్ళలో ఈ పూట కూడా దొరుకుతుంది. నానబెట్టడానికి మూడు వారాలు పడుతుందని ముందే చెప్పండి.